మొటిమలు మిగిల్చిన గుంటలు – సూదుల రోలరు ఇంట్లో ఎంతవరకు?

యౌవనారంభంలో ముఖంపై పుట్టే మొటిమలను మన ప్రాచీనులు యౌవన పిటికలనీ, ముఖదూషికలనీ పిలిచారు. సుశ్రుతుడు వీటిని క్షుద్రరోగాలలో చేర్చి, బూరుగు చెట్టు ముళ్ళవలె ఉండే ఈ పొక్కులు కఫ, వాత, రక్తాల దుష్టి వల్ల కలుగుతాయని చెప్పాడు. క్షుద్రరోగమంటే చిన్న వ్యాధి అని అర్థం. కానీ ఆ చిన్న వ్యాధి తగ్గిన తరువాత చెంపలపై మిగిలే గుంటలు కలిగించే మనోవేదన మాత్రం చిన్నది కాదు. అద్దం చూసుకోవడం మానేసిన యువకులను, పెళ్ళిచూపుల మాట ఎత్తితే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునే యువతులను నా వైద్యవృత్తిలో ఎందరినో చూశాను.

కొన్నేళ్ళుగా వీరి చేతులలో ఒక కొత్త సాధనం కనిపిస్తున్నది. చిన్న పిడికి అమర్చిన చక్రం, దాని చుట్టూ వెంట్రుకల వంటి సన్నని సూదులు. దీనిని డెర్మా రోలర్ అంటారు. కొన్ని వందల రూపాయలు చెల్లిస్తే ఇంటికే వస్తుంది. "దీనితో గుంటలు పూడతాయా డాక్టరు గారూ?" అని వారు అడుగుతారు. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో ఔననిగాని, కాదనిగాని చెప్పడం సరికాదు. గుంట ఎంత లోతున ఉన్నది, సూది ఎంత లోతుకు దిగుతుంది అనే రెండు కొలతలు తెలిస్తే జవాబు దానంతట అదే దొరుకుతుంది.

మచ్చ వేరు, గుంట వేరు

నా వద్దకు "గుంటలు" అంటూ వచ్చేవారిలో చాలామందికి ఉన్నవి నిజానికి మచ్చలే. మొటిమ మానిన చోట చర్మం నల్లబడటమో, ఎర్రబడటమో జరుగుతుంది. అక్కడ చర్మం చదునుగానే ఉంటుంది. ఎండ తగలకుండా కాపాడుకుంటే ఈ మచ్చలు కొన్ని నెలలలో క్రమంగా పలచబడతాయి. వీటికి సూదులతో పని లేదు.

మీకున్నది ఏదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. గదిలో దీపం ఆర్పి, ముఖానికి ఒక పక్క నుండి మాత్రమే వెలుగు పడేటట్లు అద్దం ముందు నిలబడండి. మచ్చ అయితే నీడ పడదు. గుంట అయితే దాని అంచున నీడ కనిపిస్తుంది. తరువాత రెండు వేళ్ళతో ఆ చోట చర్మాన్ని మెల్లగా సాగదీయండి. గుంట దాదాపు మాయమైతే అది లోతు తక్కువైనదని భావించవచ్చు. సాగదీసినా మాయం కాకపోతే అది లోతైనది.

చర్మవైద్యులు ఈ గుంటలను మూడు విధాలుగా విభజిస్తారు. సూదితో పొడిచినట్లు సన్నగా, లోతుగా ఉండేవి మొదటి రకం. నిట్టనిలువు అంచులతో అమ్మవారి మచ్చలవలె ఉండేవి రెండవ రకం. వీటిలో అర మిల్లీమీటరు కంటె తక్కువ లోతున్నవాటిని పైపైవిగా పరిగణిస్తారు. అంచులు స్పష్టంగా లేకుండా, నేలపై ఎత్తుపల్లాలవలె వెడల్పుగా ఉండేవి మూడవ రకం. సూదుల చికిత్సకు బాగా లొంగేవి ఈ మూడవ రకం గుంటలు, రెండవ రకంలో పైపైన ఉండేవి. మొదటి రకానికి సూదుల రోలరు వల్ల ప్రయోజనం స్వల్పం.

వాగ్భటుని కూర్చం

సూదులతో చర్మాన్ని పొడిచి చికిత్స చేయడం మన వైద్యానికి కొత్త కాదు. అష్టాంగ హృదయం సూత్రస్థానంలోని శస్త్రవిధి అధ్యాయంలో వాగ్భటుడు కూర్చమనే శస్త్రాన్ని వర్ణించాడు. గుండ్రని పీఠంపై ఏడో ఎనిమిదో సూదులను గట్టిగా బిగించి దీనిని తయారుచేసేవారు. నీలిక, వ్యంగం అనే ముఖపు మచ్చలలోను, జుట్టు రాలిన చోటను కుట్టనం చేయడానికి, అనగా పైపైన పొడవడానికి, దీనిని వాడమన్నాడు.

మొటిమల గుంటలకు దీనిని వాడాలని వాగ్భటుడు చెప్పలేదు. నేటి రోలరంతా మన గ్రంథాలలోనే ఉన్నదనడం అతిశయోక్తి అవుతుంది. కానీ గమనించదగిన విషయం ఒకటున్నది. ఆయన కూర్చాన్ని శస్త్రాల నడుమ చెప్పాడు గాని, గృహవైద్యంలో చెప్పలేదు. సుశ్రుతుడు కూడా రక్తమోక్షణానికై చర్మంపై గాట్లు పెట్టే ప్రచ్ఛాన విధిని చెబుతూ, గాట్లు తిన్నగా, ఒకదానిపై ఒకటి పడకుండా, సన్నగా, సమంగా, మరీ లోతుగా కాకుండా, త్వరగా వేయాలన్నాడు. మర్మాలకు, సిరలకు హాని కలగరాదన్నాడు. రోలరు పట్టుకునే ప్రతివారూ ఈ నియమాలను గుర్తుంచుకోవాలి.

సూది చేసే పని

ఆధునిక కాలంలో కెనడాకు చెందిన కామిరాండ్, డూసే అనే వైద్యులు 1997లో, పచ్చబొట్టు యంత్రంలో రంగు లేకుండా కేవలం సూదులతో గాయపు మచ్చలను పొడిస్తే అవి మెరుగుపడుతున్నాయని ప్రకటించారు. దక్షిణాఫ్రికా ప్లాస్టిక్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెస్ చక్రం వంటి రోలరు పరికరానికి ప్రాచుర్యం తెచ్చారు.

దీని సూత్రం సరళమైనది. మన చర్మంలో పై పొర ముఖంపై సుమారు 0.1 మిల్లీమీటరు మందం మాత్రమే ఉంటుంది. దాని కింద ఉన్న దళసరి పొరలో కొల్లాజెన్ అనే పీచు పదార్థం ఉంటుంది. మొటిమ వాపు ఈ పీచును ధ్వంసం చేయడం వల్లనే గుంట ఏర్పడుతుంది. సూది ఆ లోపలి పొరను చేరినప్పుడు శరీరం దానిని చిన్న గాయంగా గుర్తించి, మాన్పడానికి కొత్త పీచును అల్లుతుంది. ఈ అల్లిక వారంలో పూర్తి కాదు. నెలల తరబడి సాగుతుంది. అందుచేతనే చర్మవైద్యులు ఒక విడతకూ మరొక విడతకూ నడుమ నాలుగు నుండి ఆరు వారాల వ్యవధి ఇస్తారు.

గుంటల చికిత్సకు వైద్యులు సాధారణంగా 1 నుండి 1.5 మిల్లీమీటర్ల సూదులు వాడతారు. ముందుగా మత్తు లేపనం పూసి, క్రిమిరహితమైన పరికరంతో చేస్తారు. ఇంట్లో వాడుకోదగినవి 0.2 నుండి 0.25 మిల్లీమీటర్ల సూదులు మాత్రమే. చర్మం ఒత్తిడికి లోనికి వంగుతుంది కాబట్టి ఇవి తమ పూర్తి పొడవు కూడా దిగవు. కాబట్టి ఇంటి రోలరు వల్ల చర్మపు గరుకుదనం కొంత తగ్గి నునుపు రావచ్చు. బాగా పైపైన ఉన్న పల్లాలు కొద్దిగా మెరుగైనట్లు కనిపించవచ్చు. అసలు గుంటను పూడ్చే శక్తి దానికి లేదు.

పెద్ద సూది ప్రమాదం

"అయితే పెద్ద సూదులే కొనుక్కుంటే సరిపోదా?" అనే ఆలోచన ఇక్కడే పుడుతుంది. ఇరవైరెండేళ్ళ విద్యార్థిని ఒకరిని ఆమె తండ్రి నా వద్దకు తీసుకువచ్చారు. ఆమె 1.5 మిల్లీమీటర్ల రోలరు తెప్పించుకుని, నాలుగు రోజులకొకసారి రక్తం చిమ్మే వరకు తిప్పి, ఆపై నిమ్మరసం రుద్దింది. మూడు వారాలలో రెండు చెంపలపైనా నల్లని వల పరచినట్లయింది. "గుంటలతోనే ఉన్నా బాగుండేదండీ" అని ఆ అమ్మాయి తల వంచుకుని అన్న మాట నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. ఆమెను చర్మవైద్యుని వద్దకు పంపాను. ఆ నలుపు తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. గుంటలు మాత్రం మునుపటివలెనే ఉన్నాయి.

మన వంటి చామనఛాయ, నలుపు వర్ణాల చర్మం గాయపడితే సులభంగా నల్లబడుతుంది. బలంగా నొక్కి లాగితే రోలరు జాడలు సమాంతర గీతలుగా శాశ్వతంగా మిగిలిపోవచ్చు. అపరిశుభ్రమైన సూదుల వల్ల చీము పడుతుంది. ఒకరి రోలరు మరొకరు వాడితే హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. వంటి వ్యాధులు సోకవచ్చు. అక్కచెల్లెళ్ళైనా, స్నేహితులైనా దీనిని పంచుకోరాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో మొదటిసారిగా మొటిమల గుంటలకు ఒక సూదుల పరికరాన్ని అనుమతించినప్పుడు కూడా, దానిని శిక్షణ పొందినవారి చేతికే ఇచ్చింది గాని, ఇంటి వాడకానికి ఇవ్వలేదు.

ఎవరు వాడరాదు?

ముఖంపై మొటిమలు ఇంకా వస్తున్నవారు వాడరాదు. పచ్చి మొటిమపై చక్రం తిప్పితే అందులోని చీము, క్రిములు ముఖమంతా వ్యాపిస్తాయి. పులిపిరులు, గజ్జి, తామర, పెదవుల వద్ద తరచు జ్వరపు పొక్కులు వచ్చేవారు, గాయం మానిన చోట కండ పెరిగే తత్త్వం గలవారు దీని జోలికి పోరాదు. మధుమేహం అదుపులో లేనివారు, రక్తం పలచబడే మందులు లేదా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు, గర్భిణులు కూడా మానుకోవాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవారు, ఇటీవల వాడినవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

వాడదలచినవారికి పద్ధతి

పై హెచ్చరికలు తెలిసి కూడా పైపై గుంటలకు ప్రయత్నించదలచినవారు ఈ నియమాలు పాటించాలి.

1. 0.25 మిల్లీమీటరుకు మించని రోలరునే ఎన్నుకోండి. వాడే ముందు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలులో పది నిమిషాలు ముంచి, శుభ్రమైన చోట ఆరనివ్వండి. వాడిన తరువాత నీటితో కడిగి, మరల అదే విధంగా చేయండి. వంగిన సూది ఒక్కటి కనిపించినా ఆ రోలరును పారవేయండి.

2. రాత్రి పూట, చేతులు, ముఖం శుభ్రంగా కడిగి తుడుచుకున్న తరువాత చేయండి. కనురెప్పలు, పెదవులు, పుట్టుమచ్చలు ఉన్న చోట్లు వదిలివేయండి.

3. చర్మాన్ని ఒక చేతితో కొద్దిగా బిగించి, నిలువుగా, అడ్డంగా, రెండు ఏటవాలు దిశలలో నాలుగేసి సార్లు తేలికగా తిప్పండి. దిశ మార్చేటప్పుడు రోలరును చర్మం నుండి ఎత్తి పెట్టండి. చర్మంపైనే ఉంచి మెలితిప్పకండి.

4. చర్మం లేత గులాబి రంగుకు రావడమే హద్దు. రక్తం కనిపించిందంటే హద్దు దాటినట్లే.

5. రెండు వారాలకొకసారి కంటె ఎక్కువ చేయకండి.

తరువాతి జాగ్రత్తలు

అసలు పథ్యం ఇక్కడ మొదలవుతుంది. పొడిచిన చర్మం తెరచిన తలుపు వంటిది. మామూలుగా పైననే నిలిచిపోయే పదార్థాలు కూడా అప్పుడు లోనికి చొరబడతాయి. నిమ్మరసం, పసుపు, శనగపిండి, వేప ముద్ద, తేనె, పచ్చి కలబంద గుజ్జు వంటివి మామూలు చర్మానికి హితమైనవైనా, ఆ రోజు, మరుసటి రోజు పూయరాదు. వీటిలో ఏదీ క్రిమిరహితం కాదు. సుగంధ తైలాలు, కుంకుమాది తైలం, విటమిన్-సి సీరం కూడా అప్పుడు పనికిరావు. సూదుల చికిత్స తరువాత సీరములు పూయగా ముఖంపై గట్టి గడ్డలు లేచిన ముగ్గురు స్త్రీల ఉదంతాలను 2014లో అమెరికా చర్మవైద్య పత్రిక ఒకటి ప్రచురించింది.

ఆ రాత్రి చల్లని శుభ్రమైన నీటితో కడిగి, వాసన, రంగు లేని సాధారణ లేపనం లేదా పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే చాలు. ఒక రోజు పాటు వ్యాయామం, ముఖాలంకరణ, క్షౌరం మానండి. పగటి పూట ఎస్.పి.ఎఫ్. 30 కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకుని, ఎండలో ఉంటే రెండు గంటలకొకసారి మరల రాసుకోండి. గొడుగును మించిన ఆభరణం లేదని మా ఊరి ఆడపిల్లలకు నేను తరచు చెబుతుంటాను. మూడవ రోజుకు కూడా ఎరుపు తగ్గకపోయినా, నొప్పి, చీము, జ్వరం కలిగినా వైద్యుని చూడాలి.

వ్యాధిని ఆపడమే తొలి చికిత్స

నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడం, చికిత్సలో మొదటి మెట్టు. మొటిమలు ఆగకుండా గుంటలకు చికిత్స చేయడం కుళాయి కట్టకుండా నేల తుడిచినట్లే. మొటిమలను గిల్లరాదు. వస, లొద్దుగ చెక్క, ధనియాలు, చెంగల్వకోష్ఠు నీటితో నూరి పూయమని సుశ్రుతుడు చెప్పిన లేపనం నేటికీ వాడుకలో ఉన్నది. ముందుగా మోచేతి మడతలో పూసి ఒక రోజు చూసి, దురద లేకుంటేనే సూదులు తగలని ముఖానికి వాడండి. మొటిమలు పెద్దవై, నొప్పితో, చీముతో వస్తుంటే ఇంటి లేపనాలతో కాలం గడపకండి. ఆ ఆలస్యమే రేపటి గుంట. వెంటనే చర్మవైద్యుని సలహా తీసుకోండి.

ఇంటి రోలరుతో మూడు నెలలు చూసినా మార్పు లేకుంటే సూది పొడవు పెంచకండి, వైద్యుని మార్గం పట్టండి. వైద్యులు కూడా గుంటలను తుడిచివేస్తామని చెప్పరు. మూడు నుండి ఆరు విడతల చికిత్సతో, కొన్ని నెలల ఓర్పుతో వాటి లోతు తగ్గుతుంది. పక్క నుండి వెలుగు పడినప్పుడు కనిపించే నీడ పలచబడుతుంది. చికిత్సకు ముందు, ప్రతి నెలా అదే వెలుగులో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. రోజూ చూసే అద్దంలో కనిపించని మార్పు ఆ ఫోటోలలో కనిపిస్తుంది.