శాంతి కబురుకు 49 రోజులు

1814 డిసెంబరు 24న నేటి బెల్జియంలోని గెంట్‌లో అమెరికా, బ్రిటన్ ప్రతినిధులు సంధిపై సంతకాలు చేశారు. రెండున్నరేళ్ల యుద్ధానికి ముగింపు పలికిన ఆ పత్రం తెరచాప ఓడలో న్యూయార్క్ చేరేసరికి 1815 ఫిబ్రవరి 11 అయింది. అంటే 49 రోజులు.

27 రోజులు: ఈలోగా జనవరి 8న న్యూ ఆర్లీన్స్ వద్ద అమెరికా సేనాని ఆండ్రూ జాక్సన్ దళం బ్రిటిష్ దాడిని తిప్పికొట్టింది. బ్రిటిష్ పక్షాన చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిపి సుమారు 2,000 మంది. ఆ సంగతి వాషింగ్టన్‌కు ఫిబ్రవరి 4న తెలిసింది. సంతకాలు ముందు, విజయం తర్వాత. పత్రికలు చదివేవారికి మాత్రం ముందు విజయం, వారం తిరిగేసరికి శాంతి. గెలిచాం కాబట్టే బ్రిటన్ దిగివచ్చిందన్న నమ్మకం పాతుకుపోవడానికి ఈ వరుస బాగా తోడ్పడింది. నిజానికి సంధి సరిహద్దులను యుద్ధానికి ముందున్నట్టే ఉంచింది. యుద్ధానికి ఒక కారణమైన, అమెరికా ఓడల నుంచి నావికులను బ్రిటన్ బలవంతంగా పట్టుకుపోవడం గురించి అందులో ఒక్క మాటా లేదు.

1 సెంటు: అప్పటి పత్రికలు విదేశీ వార్తల కోసం రేవుకొచ్చే ఓడల మీదే ఆధారపడేవి. దిగుమతైన పత్రికల్లోంచి, ఒకదాన్నుంచి మరొకటి తీసుకుని తిరిగి అచ్చువేసేవి. 1792 తపాలా చట్టం సంపాదకులు పరస్పరం పంపుకొనే ప్రతులకు రుసుము ఎత్తేసింది. చందాదారులకు 100 మైళ్ల వరకు 1 సెంటు, ఆపైన ఒకటిన్నర సెంటు.

35–0: ఫిబ్రవరి 16న సెనేట్ సంధిని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇరుపక్షాలూ ధ్రువీకరిస్తేనే పోరు ఆగాలన్నది ఒప్పందం. కాబట్టి ‘యుద్ధం ముగిశాక జరిగిన యుద్ధం’ అని న్యూ ఆర్లీన్స్‌ను అనడం సరికాదు. ఆ నగరంలో జాక్సన్ తన అనుమతి లేకుండా శాంతి వార్తలు వేయొద్దని పత్రికలను కట్టడి చేశాడు. అధికారిక సమాచారం అందాక మార్చి 13న గానీ అక్కడ తాను విధించిన సైనిక శాసనాన్ని ఎత్తేయలేదు.

12 నుంచి 120 రోజులు: కబురు ఆలస్యమవుతుందని దౌత్యవేత్తలకు ముందే తెలుసు. ధ్రువీకరణ తర్వాత ఎన్ని రోజులు దాటాక పట్టుకున్న ఓడలను తిరిగివ్వాలో రెండో అధికరణంలో సముద్రాలవారీగా రాసుకున్నారు: అమెరికా తీరంలో 12 రోజులు, మధ్యధరాలో 40, మిగిలిన దూరప్రాంతాల్లో 120. ఆ గడువూ చాలలేదు. జూన్ 30న సుందా జలసంధిలో అమెరికా నౌక పీకాక్, ఈస్టిండియా కంపెనీ నౌక నాటిలస్‌పై కాల్పులు జరిపి లొంగదీసుకుంది. సంధి నిజమేనని తేలాక విడిచిపెట్టింది.