ఆకలి కాలంలో లేచిన గుడి – మెదక్ చర్చి



మెదక్ చర్చి చూడటానికి మన ఆళ్లగడ్డ వైపు నుండి కూడా వెళ్ళేవారున్నారు. వెళ్ళివచ్చిన వారు ముందుగా చెప్పేది శిఖరం ఎత్తు: 175 అడుగులు. గుడి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. నర్సులమైన మాకు మాత్రం ఆ కట్టడంలో ముందు కనిపించేది కూలీల కడుపు.

మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెట్టారు. ప్లాను ఇంగ్లండులోని బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ వారిది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ పదేళ్లలోనే మొదటి ప్రపంచ యుద్ధము, కరువు వచ్చాయి. పల్లెల జనం ఆకలితో చేరితే దొరగారు ఊరికే గంజి పోసి పంపలేదు. పని ఇచ్చి, ఆ పనికి తిండి ఇచ్చారు. రాయి మోసిన వాడు చేయి చాచకుండా ఇంటికి గింజలు పట్టుకెళ్ళాడు.

కరువు తిండిలో ఒక మెళకువ ఉంది. చాలా రోజులు పస్తులున్న మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో లవణాలు తారుమారై గుండెకే ప్రమాదము. కొద్దికొద్దిగా, పలుసార్లు పెట్టాలి. వారం రోజులు తిండి లేని రోగికి బంధువులు పెద్ద క్యారియరు తెస్తే మేము కోప్పడేది అందుకే!

లోపలి రంగుల అద్దాలు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించినవి. ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో అమర్చారు. బయట వెలుతురు ఉంటేనే బొమ్మ కనిపిస్తుంది, కనుక పగలే వెళ్ళండి.

గోడలు గ్రానైటువి. రాయి చెక్కడమంటే ఏమిటో ఆళ్లగడ్డ వారికి మేము చెప్పనక్కరలేదు. మన శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే గ్రానైటు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడితే అవి మానవు. దీనినే సిలికోసిస్ అంటారు. అటువంటి వారికి టీబీ కూడా త్వరగా సోకుతుంది. ఉలి కంటే కటింగ్ మిషనుతో లేచే దుమ్ము మరీ సన్నము, మరీ ఎక్కువ. రాయిని తడుపుతూ కోయండి. ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదు, దుమ్మును ఆపే మాస్కు కావాలి. పని బట్టలతో పిల్లలను ఎత్తుకోవద్దు. దగ్గు రెండు వారాలు దాటితే ఎక్స్‌రే, తెమడ పరీక్ష చేయించుకోండి. ఓ.పి.లో డాక్టరుగారు అడగకపోయినా, రాతి పని చేస్తామని, ఎన్నేళ్లుగా చేస్తున్నామో మీరే చెప్పండి.