రేడియో విమానం మాట వినకపోతే తప్పు గాలిదా, తీగదా?

పూండి: సాఫీగా ఎగురుతున్న చిన్న విమానం ఒక్కసారిగా రెక్క వాల్చి, ఎంత తిప్పినా మాట వినకుండా నేలకు దూకుతుంది. ముక్కలు ఏరుకునేటప్పుడు కంట్రోలు పట్టుకున్న కుర్రవాడు చెప్పే మాట ఒక్కటే: ''సిగ్నల్ పోయింది.'' రేడియోతో నడిచే నమూనా విమానాలు ఎగరేసే వారికి ఇది కొత్త అనుభవం కాదు. అయితే సిగ్నల్ పోయిందనుకున్న చాలా సందర్భాల్లో అసలు లోపం గాలిలో ఉండదు. విమానం పొట్టలోనే, చాలని బ్యాటరీలోనో, వదులైన అతుకులోనో, చిలుము పట్టిన తీగలోనో ఉంటుంది. అది కనిపెట్టకుండా కొత్త విమానం కట్టినా అదీ అలాగే కూలుతుంది.

ఇది పిల్లల ఆటకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ శిక్షణలో నమూనా విమానాల తయారీ ఒక భాగం. ఇంజనీరింగ్ విద్యార్థులు థర్మోకోలుతో, ఫోం షీట్లతో విమానాలు కడుతున్నారు. పొలాలపై మందు చల్లే డ్రోన్లు సైతం గ్రామాలకు వచ్చాయి. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో ఆమోదం తెలిపింది. 2024 సెప్టెంబరులో విజయవాడను వరద ముంచెత్తినప్పుడు ఇళ్లలో చిక్కుకున్న వారికి డ్రోన్లతో ఆహారం అందించారు. ఇవన్నీ రేడియో మాట మీద నడిచేవే. కిలోన్నర బరువున్న విమానం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో మనిషికి తగిలితే ఎముకలు విరగవచ్చు. తిరుగుతున్న ప్రొపెల్లరు వేళ్లను కోసేస్తుంది. అందువల్ల లోపం కనిపెట్టే పద్ధతి తెలుసుకోవడం అవసరం.

చుక్కాని తిప్పే చిన్న చెయ్యి

రేడియోతో దూరం నుంచి వాహనాన్ని నడపవచ్చునని 1898లో నికొలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవతో చేసి చూపించారు. నేటి నమూనా విమానంలోనూ మూలసూత్రం అదే. కింద ఉన్న మనిషి చేతిలో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. విమానంలో ఉన్న రిసీవర్ దాని మాట అందుకుని సెర్వోలకు చెబుతుంది. సెర్వో అంటే అగ్గిపెట్టెంత పెట్టె. అందులో చిన్న మోటారు, పళ్ల చక్రాలు, తన చెయ్యి ఎంత తిరిగిందో కొలుచుకునే ఒక నిరోధకం ఉంటాయి. పడవలో తండేలు చుక్కాని తిప్పినట్లు ఈ చెయ్యి రెక్క తలుపునూ, తోక తలుపునూ తిప్పుతుంది.

రిసీవర్ నుంచి సెర్వోకు సాధారణంగా సెకనుకు 50 సార్లు కబురు అందుతుంది. ప్రతి కబురూ ఒక చిన్న విద్యుత్తు తట్టు. ఆ తట్టు సెకనులో వెయ్యోవంతు ఉంటే చెయ్యి ఒక పక్కకు, దానికి రెట్టింపు ఉంటే రెండో పక్కకు, ఒకటిన్నర వంతులైతే నడుమకు వస్తుంది. ఈ కొలతలో కాస్త తేడా వచ్చినా చెయ్యి వణుకుతుంది. ఆ వణుకునే ఎగరేసేవారు 'గ్లిచ్' అంటారు.

పాత సెట్ల బాధ వేరు

పొలంలో మోటారు వేసినప్పుడో, వీధిలో మోటారు సైకిలు పోయినప్పుడో ట్రాన్సిస్టరు గరగరమనడం పెద్దలందరికీ తెలిసిందే. నిప్పురవ్వ పుట్టిన ప్రతిచోటా రేడియో అలలు పుడతాయి. 27, 35, 72 మెగాహెర్ట్జ్‌లపై పనిచేసిన పాత కంట్రోలు సెట్లకు ఈ గరగరే శత్రువు. ఇనుప కడ్డీ ఇనుప కొక్కేనికి రాసుకున్నా సెర్వోలు వణికేవి. ఒకే మైదానంలో ఇద్దరు ఒకే చానల్‌పై సెట్లు వేస్తే విమానం ఎవరి మాటా వినక కూలేది. అందుకే క్లబ్బుల్లో చానల్‌కొక బిళ్ల పెట్టి, బిళ్ల చేతిలో ఉన్నవాడే సెట్టు వేయాలనే కట్టుబాటు ఉండేది.

ఇప్పటి సెట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌పై పనిచేస్తాయి. వీటిలో చాలా సెట్లు ఒకే చానల్‌ను పట్టుకు కూర్చోకుండా క్షణక్షణం చానల్ మారుస్తూ, తమతో జత కలిపిన రిసీవర్‌తోనే మాట్లాడతాయి. ఇలా చానళ్లపై గెంతే పద్ధతికి హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ 1942లోనే అమెరికాలో పేటెంటు పొందారు. దీనివల్ల పొరుగువాడి సెట్టు అడ్డురావడం బాగా తగ్గిపోయింది. చౌకరకం బొమ్మ కార్లు, పాత సెట్లు మాత్రం నేటికీ 27 మెగాహెర్ట్జ్‌పై నడుస్తున్నాయి. బ్రష్షులున్న మోటారు వాడితే దాని కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు అతికితే రవ్వల గరగర తగ్గుతుంది.

మొదటి ముద్దాయి బ్యాటరీ

కొత్త సెట్టు వేసినా విమానం మాట వినలేదంటే ముందుగా చూడవలసింది కరెంటు. చిన్న సెర్వో ఊరికే ఉన్నప్పుడు ఏమంత కరెంటు తీసుకోదు. గాలి ఒత్తిడికి ఎదురు తిరిగి బిగుసుకున్నప్పుడు అరకు పైగా ఆంపియరు లాగుతుంది. పెద్దదైతే ఆంపియరు దాటుతుంది. నాలుగు సెర్వోలు ఒక్కసారి లాగితే సరఫరా తట్టుకోలేక వోల్టేజి పడిపోతుంది. సుమారు మూడున్నర వోల్టుల దగ్గర చాలా రిసీవర్లు పని మానేసి, మళ్లీ మొదటి నుంచి లేస్తాయి. అలా లేచి కంట్రోలుతో జత కలవడానికి రెండు సెకన్లు పట్టినా, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో విమానం 33 మీటర్లు దిక్కులేకుండా పోతుంది. కింద ఉన్నవారికి అది సిగ్నల్ పోయినట్లే కనిపిస్తుంది.

విద్యుత్తుతో నడిచే విమానాల్లో మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరమే రిసీవర్‌కు 5 వోల్టులు ఇస్తుంది. చౌకరకం పరికరాలు మిగిలిన వోల్టేజిని వేడిగా మార్చి పారేస్తాయి. 11.1 వోల్టుల బ్యాటరీని 5 వోల్టులకు దించితే ప్రతి ఆంపియరుకు ఆరు వాట్ల వేడి పుడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, గాలి తగలని చోట బిగిస్తే పరికరం వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. ఉదయం బాగా ఎగిరిన విమానం మధ్యాహ్నం మొరాయించడానికి ఇదొక కారణం.

పరీక్ష సులభం. ముందుగా ప్రొపెల్లరు తీసివేయాలి. రిసీవర్‌లో ఖాళీగా ఉన్న చానల్‌కు వోల్టు మీటరు తగిలించి, కంట్రోలు కర్రలన్నీ ఒకేసారి గబగబా తిప్పాలి. 5 వోల్టులు చూపిన ముల్లు నాలుగున్నర కిందికి దిగితే సరఫరా చాలదని అర్థం. క్షణమాత్రం కలిగే పతనాన్ని మామూలు మీటరు పట్టుకోలేదు గనుక, అంకె కాస్త ఊగినా అనుమానించాలి. ఎక్కువ ఆంపియర్లు ఇచ్చే రెగ్యులేటరు గానీ, రిసీవర్‌కు వేరే బ్యాటరీ గానీ దీనికి మందు.

ఉప్పుగాలి చేసే చేటు

ఉద్దానం తీరంలో ఇంకో చిక్కు ఉంది. నౌపడ ఉప్పు కొఠార్ల మొదలు ఉత్తరాన తీరం పొడవునా వీచే గాలిలో ఉప్పు ఉంటుంది. మేకులు, తలుపు బందులు తుప్పు పట్టించే ఆ గాలి విమానం ప్లగ్గులనూ వదలదు. ప్లగ్గు లోపలి పిన్నులపై పచ్చటి చిలుము చేరితే తీగ తగిలించినట్లే ఉంటుంది, కరెంటు మాత్రం సరిగా పారదు. కదలిక ఉన్నప్పుడు తగులుతూ విడుతూ ఉంటుంది. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలలో నల్ల తీగ లోపలి రాగి నల్లబడి పెళుసెక్కడం కూడా ఉంది. పైనున్న ప్లాస్టిక్ తొడుగు బాగానే కనిపిస్తుంది కాబట్టి లోపం బయటపడదు.

అందుకే విమానం ఎగరేసి వచ్చాక తడి తుడిచి, ప్లగ్గులు ఊడదీసి చూడడం మంచిది. చిలుము పట్టిన ప్లగ్గును గీకి వాడడం కన్నా మార్చడమే మేలు. ఇసుకలో దింపిన విమానం సెర్వోలలో రేణువులు చేరి పళ్లు అరిగిపోతాయి. సముద్రపు ఒడ్డు కంటే కోత అయిన పొలమే దింపడానికి అనువైనది.

ఏది తప్పో తేల్చే ఉపాయం

ఒక్క సెర్వో మాత్రమే వణుకుతూ, మిగతావి నిమ్మళంగా ఉంటే ఒక ఉపాయం ఉంది. ఆ సెర్వో ప్లగ్గు తీసి, బాగున్న సెర్వో ఉన్న చానల్‌లో పెట్టాలి. బాగున్నదాన్ని దీని చోట పెట్టాలి. వణుకు సెర్వోతో పాటు వెళితే సెర్వోదే తప్పు. వణుకు పాత చానల్‌లోనే ఉండిపోతే రిసీవర్‌ను గానీ, ట్రాన్స్‌మిటర్ కర్రను గానీ అనుమానించాలి. చెయ్యి ఎప్పుడూ ఒకే చోటికి వచ్చినప్పుడే వణికితే లోపలి నిరోధకం అక్కడ అరిగిపోయిందని గుర్తు. అన్ని సెర్వోలూ ఒకేసారి వణికితే తప్పు సెర్వోలది కాదు, సరఫరాదో సిగ్నల్‌దో అవుతుంది.

మోటారు తిరిగినప్పుడే వణుకు వస్తే మోటారు తీగలు రిసీవర్‌కు దగ్గరగా ఉన్నాయేమో, అదురుకు ఏదైనా ప్లగ్గు కదులుతోందేమో చూడాలి. ఒకసారికి ఒకే మార్పు చేయాలన్నది ముఖ్య సూత్రం. నాలుగు భాగాలు ఒకేసారి మారిస్తే జబ్బు తగ్గినా, ఏ మందుకు తగ్గిందో తెలియదు.

నేల మీదే పరీక్ష

2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే. రిసీవర్ యాంటెన్నాలో అసలు పనిచేసే కొన మూడు సెంటీమీటర్లు. దాన్ని మడిచినా, బ్యాటరీకి గానీ కార్బన్ కడ్డీకి గానీ ఆనించినా చెవి మూసినట్లే. రెండు యాంటెన్నాలుంటే ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉంచాలి. 27 లేక 72 మెగాహెర్ట్జ్ సెట్టయితే పొడవాటి తీగ వేలాడుతుంది. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కత్తిరించరాదు. నీరున్న పచ్చటి ఆకులు ఈ అలలను మింగుతాయి గనుక దట్టమైన కొబ్బరి, జీడి తోటల వెనక్కి విమానాన్ని పంపరాదు.

ప్రతిరోజూ ఎగరేసే ముందు దూరం పరీక్ష చేయాలి. చాలా ట్రాన్స్‌మిటర్లలో శక్తిని తగ్గించి పరీక్షించే ఏర్పాటు ఉంటుంది. విమానాన్ని ఒకరు గట్టిగా పట్టుకోగా, మరొకరు సుమారు 30 మీటర్లు నడిచి వెళ్లి తలుపులు తిప్పి చూడాలి. మొదట మోటారు ఆపి, తర్వాత తిప్పి చేయాలి. ప్రొపెల్లరుకు ఎదురుగా ఎవరూ నిలబడరాదు.

చివరిది ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ తెగితే మోటారు దానంతట అదే ఆగిపోయేలా సెట్టు చేసుకునే ఏర్పాటు ఇది. ప్రొపెల్లరు తీసి, మోటారు నెమ్మదిగా తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్‌ను ఆపివేయాలి. మోటారు ఆగకపోతే ఆ విమానం ఆ రోజు ఎగరడానికి వీలులేదు.

రైలు తీగలతో జాగ్రత్త

పూండి స్టేషను హౌరా - చెన్నై ప్రధాన రైలు మార్గంలో ఉంది. పట్టాలపై వేలాడే తీగలో 25,000 వోల్టులు ప్రవహిస్తుంటాయి. ఆ తీగల దగ్గర, పొలాల మీదుగా పోయే కరెంటు లైన్ల దగ్గర ఏ విమానమూ ఎగరేయరాదు. తీగపై చిక్కుకున్న విమానాన్ని కర్రతో దించబోతే ప్రాణానికే ముప్పు. సంబంధిత సిబ్బందికి చెప్పడమే మార్గం. మందు చల్లే డ్రోన్లలో దిక్సూచి కూడా ఉంటుంది. ఇనుప షెడ్డు, బోరు పైపులు, ట్రాక్టరు పక్కనుంచి లేపితే దానికి దిక్కు తప్పవచ్చు. 2021 ఆగస్టు 25న ప్రకటించిన డ్రోన్ నిబంధనలు ఎక్కడ, ఎంత ఎత్తున ఎగరేయవచ్చో చెబుతున్నాయి. వాటిని ముందుగా తెలుసుకోవాలి.

మందు చల్లే డ్రోను అదుపు తప్పితే నష్టం దాని యజమానికే పరిమితం కాదు. పక్క చేనులో కలుపు తీస్తున్న కూలీలకూ ముప్పే. కనుక డ్రోను పిలిపించుకునే రైతు ధర ఒక్కటే అడిగి ఊరుకోరాదు. బ్యాటరీ చూశారా, దూరం పరీక్ష చేశారా, సిగ్నల్ తెగితే యంత్రం ఏం చేస్తుంది అన్న మూడు ప్రశ్నలూ అడగాలి. జవాబు చెప్పలేని వారి యంత్రాన్ని చేను మీదికి రానివ్వకపోవడమే క్షేమం.