రైలుబండి కవచము

జనగామలోనో మహబూబాబాదులోనో బండి యెక్కి కూర్చుండిన పిమ్మట, ముందున్న చోదకుఁడు ఎఱ్ఱదీపమును చూచునా చూడఁడా యని మనము తలపోయము. భూపాలపల్లివారును వరంగల్లునకు వచ్చి యటులనే నిశ్చింతగా నెక్కుదురు. పొగమంచులోనో నిద్రమత్తులోనో చోదకుఁడా దీపమును దాఁటఁబోయినచో బండిని తనంతట నిలుపుటకై లక్నోలోని రైల్వే పరిశోధనాలయమువారు రూపొందించిన సాధనమునకు కవచమని పేరు. ప్రయాణికుల బండ్లపై దాని పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మన దక్షిణమధ్య రైల్వేయందే మొదలైనవి. 2020లో దానిని దేశమునకంతకును అంగీకరించిరి. అన్ని మార్గములకును ఇంకను చేరలేదు.

పట్టాల నడుమ నమర్చిన బిళ్లలు బండి యెచట నున్నదో తెలుపును. స్టేషనునుండి రేడియో ముందుదారి సంగతి తెచ్చును. ఇంజనులోని కంప్యూటరు వేగమును లెక్కించి, అవసరమైనచో బ్రేకు వేయును. ఆ కంప్యూటరు చేయవలసిన పనిని మెట్టుమెట్టుగా వ్రాసియిచ్చు ఆజ్ఞావళినే సాఫ్టువేరందురు. చోదకుని తప్పు దిద్దవలసిన ఆ వ్రాఁతలోనే తప్పున్నచో దిక్కెవరు?

ఒక కంప్యూటరునకు బదులు రెండో మూఁడో యుంచి, రెండైనను ఏకీభవించిననే నమ్ముదురు. లేనిచో బండి నాపుదురు. యంత్రము చెడుట కిది మంచి మందే. వ్రాఁత చెడుటకు కాదు. తాటాకు ప్రతులను సరిచూచునపుడు మా గురువులు, ఒకే మాతృకనుండి దిగిన పది ప్రతులు పదిమంది సాక్షులు కారు, ఒక్కఁడే యనెడివారు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టున నదియే జరిగెను. గమనమును లెక్కించు కంప్యూటర్లు రెండు. రెంటిలోను వ్రాఁత యొక్కటే, అదియును పాత రాకెట్టునుండి తెచ్చినది. పాతదాని వేగమునకు సరిపోయిన గడిలో క్రొత్తదాని పెద్దసంఖ్య పట్టలేదు. రెండును ఒకే తప్పుతో నిలిచిపోయినవి. ఎగసిన సుమారు 40 సెకండ్లకు రాకెట్టు ముక్కలాయెను.

ముందుగా పరీక్షించి చూడరాదా యందురు. వేయి పరీక్షలు తప్పు లేదని చెప్పవు. ఆ వేయింటిలో కనఁబడలేదని మాత్రమే చెప్పును. కవచమునకు విధించిన నాలుగవ భద్రతాశ్రేణి ప్రకారము, ప్రమాదకరమైన లోపము 10 కోట్ల గంటల కొకటికంటెను తక్కువగా నుండవలెను. అనఁగా 11 వేల యేండ్లకు పైమాట! అంతకాలము నడిపి చూచువాఁ డెవఁడు? కావున కొందఱు శాస్త్రజ్ఞులు వ్రాఁతను రేఖాగణిత సిద్ధాంతమువలె నిరూపింపఁ బూనిరి. 1998లో తెఱచిన పారిసు నగరపు 14వ మెట్రోమార్గమున బండికి చోదకుఁడే లేఁడు. అచటి భద్రతకు సంబంధించిన సాఫ్టువేరును, ఫ్రెంచి పండితుఁడు అబ్రియాల్ కల్పించిన బీ పద్ధతి ననుసరించి, ప్రతి మెట్టునకును ఉపపత్తి చూపుచు వ్రాసిరి.

ఐతే యంత్రమునుండి మనము కోరినదే పొరపాటైనచో, నిరూపణము ఆ పొరపాటునే నిలువఁబెట్టును. అందుకే వ్రాసినవాఁడు గాక, అతనితో సంబంధము లేని వేఱొకఁడు అంతయు పరిశీలింపవలెనని రైల్వే నియమములు చెప్పుచున్నవి. ఈ చిన్న ప్రసంగమునే మా యింటిలో మఱొకరికి చూపఁగా రెండు తప్పులు పట్టిరి. నేను దానిని మూఁడుమారులు చదివియుంటిని.