లారీ బాడీలోనే కిరాయి కిటుకు: పత్తికి ఒక తీరు, మిర్చికి ఒక తీరు

గుంటూరు: పత్తి, మిర్చి సీజన్లు దగ్గరపడితే వర్తకులు ధరల వెంట పడతారు గాని, సరుకు మోసే బండి తీరును పట్టించుకునేవారు తక్కువ. లారీని ఛాసిస్‌గా కొని, బాడీని విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కట్టించుకోవడం మన ప్రాంతంలో పాత ఆచారమే. ఆ కట్టించడంలో చేసిన పొరపాటు ప్రతి ట్రిప్పులోనూ కిరాయిని తినేస్తుంది.

మధ్యతరహా లారీలంటే మొత్తం బరువు, అంటే బండీ సరుకూ కలిపి, 3.5 టన్నులకు మించి 12 టన్నుల లోపు వుండేవి. 1980 దశకంలో వచ్చిన డీసీఎం టయోటా బండ్ల పేరే ఈ తరగతి అంతటికీ వాడుక పేరయింది. కంపెనీ పోయినా, ఏ కంపెనీ బండినైనా జనం ‘డీసీఎం’ అనే అంటున్నారు. మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారైంది కూడా ఆ దశకంలోనే.

లెక్క చూడండి. 12 టన్నుల బండి ఖాళీగా 5 టన్నులు తూగితే సరుకుకు మిగిలేది 7 టన్నులు. 170 కిలోల పత్తి బేళ్లు 41 పడతాయి. బాడీ 340 కిలోలు బరువెక్కితే ప్రతి ట్రిప్పుకూ 2 బేళ్లు తగ్గుతాయి. సీజనులో 100 ట్రిప్పులు తిరిగితే 200 బేళ్లు, అంటే దాదాపు ఐదు లోడ్ల కిరాయి నష్టం.

బేళ్లకు గట్టి ఫ్లోరు, పక్కలకు దించే డోర్లు వుండాలి. జిన్నింగ్ మిల్లుకు వెళ్లే విడిపత్తి సంగతి వేరు: తూకం నిండకముందే చోటు నిండిపోతుంది. దానికి తేలికైన, ఎత్తు గోడల బాడీ మేలు. మిర్చి టిక్కీలదీ ఇంచుమించు ఇదే తంతు. అయితే మిర్చికి తేమ శత్రువు. మూసిన పెట్టె బాడీ వాననుంచి కాపాడుతుంది గాని, సరిగా ఎండని కాయను అందులో బిగిస్తే చెమ్మ పట్టి రంగు చెడుతుంది. గాలి ఆడే బాడీ, చిరుగులేని టార్పాలిన్ ఎక్కువమందికి అక్కరకు వస్తాయి.

సీజను లేని నెలల్లో ఇదే బండిని ఇసుక, ఇటుక, సిమెంటు కోసం నిర్మాణ స్థలాలకు తిప్పాలనుకునేవారు టిప్పర్ బాడీ వైపు చూస్తారు. హైడ్రాలిక్ జాకీ బరువు కూడా సరుకు వాటాలోంచే పోతుందని మరువరాదు. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలకు ఈ తరగతి బండి పనికిరాదు. ఒక్క ఘనమీటరు రాయే సుమారు 2.7 టన్నులు తూగుతుంది.

రిజిస్ట్రేషన్ అయ్యాక అనుమతి లేకుండా బాడీ మార్చడం చట్టవిరుద్ధం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు 20 వేల రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు జరిమానా. సరుకు పరిమితికి మించి పక్కలకు, పైకి పొడుచుకు వచ్చినా 20 వేలే. దింపుడు ఖర్చు అదనం.

కనుక బండిని కొనేవారైనా, సీజనంతటికీ కిరాయికి మాట్లాడుకునేవారైనా ముందు ఖాళీ బండిని కాటా ఎక్కించి, ఆ తూకాన్ని ఆర్.సి. పుస్తకంలోని అంకెతో సరిచూసుకోవడం మంచిది. కాటా చీటీ ఖర్చు స్వల్పం. అది చూడకుండా కుదుర్చుకున్న బేరం సీజనంతా వెంటాడుతుంది.