ఠీవి తగ్గలేదు, ఇంజిన్‌కే వయసొచ్చింది
చవగ్గా దొరికే పాత ఎస్‌యూవీల్లో చూడాల్సింది రంగూ టైర్లూ కాదు, బానెట్ కింద, ఛాసిస్ అడుగున దాగిన లోపాలు

ఎత్తయిన సీటు, రోడ్డుపై దారి వదిలించే ఆకారం. 1998లో టాటా సఫారీ, 2002లో మహీంద్రా స్కార్పియో రంగప్రవేశం చేశాక ఊళ్లలో హోదాకి కొత్త కొలమానం దొరికింది. అప్పట్లో అందని ఆ హోదా ఇప్పుడు చిన్న కారు ధరకే సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో దొరుకుతోంది. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో ఢిల్లీ పరిధిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో ఆ నిబంధన కొంత సడలినా, ఈలోగా అక్కడి బళ్లు ఎన్నో ఎన్ఓసీలతో ఇతర రాష్ట్రాలకు తరలాయి.

కానీ ధర తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గదు. మొదటి శత్రువు వేడి. ఏళ్ల తరబడి కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. దానికి అరిగిన వాటర్ పంపు, బిగుసుకున్న థర్మోస్టాట్ తోడైతే ఎండాకాలం ట్రాఫిక్‌లో ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత తాకుతుంది. అప్పటికీ బండి ఆపకపోతే హెడ్ గాస్కెట్ పోతుంది. రేడియేటర్ శుభ్రం చేయిస్తే సరిపోయేది కాస్తా ఇంజిన్ విప్పేదాకా వెళ్తుంది.

రెండోది పొగ. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్టు. టర్బో సీల్ లేదా పిస్టన్ రింగులు అరిగి ఉంటాయి. నల్లపొగకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో, ఇంజెక్టర్ల లోపమో కారణం. తెల్లపొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే గాస్కెట్‌ను అనుమానించాలి. కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ వేయి బార్లకు పైగా ఒత్తిడితో చిమ్ముతుంది. ఇంధనంలో కాసిన్ని నీళ్లు చేరినా ఇంజెక్టర్లు పాడవుతాయి.

అయితే ఇంజిన్ మొరాయిస్తే బండి ఆగుతుంది, అంతే. బ్రేకులు మొరాయిస్తే ఆగదు. దాదాపు 2 టన్నుల బరువున్న వాహనం ఇది. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్ తిరుమల ఘాట్ లాంటి దిగుడు దారిలో వేడికి మరిగితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం, దిగేటప్పుడు తక్కువ గేరు వాడటమే మందు. బాల్ జాయింట్లు వదులైతే స్టీరింగ్ పక్కకు లాగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు గ్రీజు అందకపోతే గేరు వేయగానే టక్కుమంటుంది. తీరప్రాంతపు బళ్లలో ఛాసిస్ తుప్పు మరో బెడద.

అందుకే కొనేవారు ఉదయాన్నే వెళ్లి, చల్లటి ఇంజిన్‌ను తామే స్టార్ట్ చేయాలి. ముందే వేడెక్కించి ఉంచారంటే దాచేదేదో ఉందనుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీటిపై నూనె తెట్టు ఉందేమో చూడాలి. బండిని ర్యాంపు ఎక్కించి అడుగుభాగం పరీక్షించాలి.

15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తప్పదు. కార్లకు 600 రూపాయలుండే ఆ ఫీజును 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. కాబట్టి బేరం కుదిరిన ధరకు రేడియేటర్, క్లచ్, బ్రేకులు, టైర్ల ఖర్చు కలుపుకోవాలి. అప్పుడూ గిట్టుబాటనిపిస్తేనే తాళంచెవి అందుకోవాలి.