బిడ్డ ఇద్దరిదీ... సెలవు ఒక్కరికేనా?

‘పెళ్లి ప్లాన్స్ ఏమైనా ఉన్నాయా?’

ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న అమ్మాయిలకే వస్తుంది. మొదటిసారి ప్యానెల్‌లో కూర్చున్న రోజు నేనూ విన్నాను. కోడింగ్ రౌండ్ అదరగొట్టిన అమ్మాయి ఒక్క క్షణం ఆగి, ‘ఇప్పట్లో లేదండీ’ అంది. తర్వాత వచ్చిన అబ్బాయి వచ్చే నెలే పెళ్లని తనే చెప్పాడు. అందరం కంగ్రాట్స్ చెప్పాం. అంతకుముందు అడిగిన ప్రశ్న తప్పని మాత్రం నేను నోరు విప్పలేదు.

ఈ తేడా వెనక ఓ లెక్కుంది. 2017లో చట్టం మార్చి, మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. మంచిదే. కానీ ఈఎస్‌ఐ పరిధిలో లేని ఉద్యోగులకు ఆ జీతమంతా కంపెనీయే ఇవ్వాలి. మరి నాన్నకి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటులో అయితే దేశమంతటికీ వర్తించే చట్టమే లేదు, అంతా కంపెనీ దయ. అందుకే పెళ్లి కావాల్సిన అమ్మాయి ఖర్చులా కనిపిస్తుంది, అబ్బాయేమో ‘సెటిల్ అవుతున్నాడు’ అనిపించుకుంటాడు.

‘సెలవులన్నీ అమ్మాయిలకేనా?’ అని టీ బ్రేక్‌లో గొణిగే ఫ్రెండ్స్‌కి ఒక మాట. ఆ కోపం నిజమైతే మన సెలవు మనం అడుగుదాం. ఇస్తే, ఆ రోజుల్లో డైపర్లు మారుద్దాం. నాన్న కూడా నెలల తరబడి ఇంట్లో ఉంటాడని తెలిస్తే, అమ్మాయిని ఒక్కదాన్నే పెళ్లి గురించి అడిగి కంపెనీకి ఒరిగేదేమీ ఉండదు.

అప్పటిదాకా? ఈసారి ఆ ప్రశ్న వస్తే, ‘దానికీ ఉద్యోగానికీ సంబంధం లేదు’ అని నేనే అంటాను.